చామనచాయ మేను – లేజర్ వెలుగు



ఈనాటి ప్రసంగంలో కాంతికీ మన చర్మానికీ ఉన్న సంబంధం గురించి తెలుసుకుందాం. లేజర్ అనే మాట మీకు కొత్త కాదు. దుకాణంలో వస్తువు ధర చదివే యంత్రంలో, కంటి ఆసుపత్రిలో, చివరికి సంతలో అమ్మే ఆటబొమ్మల్లో కూడా లేజర్ ఉంటోంది. పచ్చబొట్లు చెరపడానికి, అవాంఛిత రోమాలు తొలగించడానికి, మచ్చలు తగ్గించడానికి కూడా దానిని వాడుతున్నారు. ఈ చికిత్సలకు వెళ్ళేవారిలో మీ వయసువారు చాలామంది ఉన్నారు. కనుక ఈ పాఠం పరీక్షకే కాదు, మీ ఒంటికి కూడా అవసరం.

బస్తర్‌లో ఒక ప్రశ్న

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి దక్షిణాన ఉన్న బస్తర్ మనకు దూరమైన ప్రాంతం కాదు. విశాఖపట్నం నుంచి అరకు, కోరాపుట్ మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు జగదల్‌పూర్‌లో ఆగుతుంది. ఇంద్రావతి, శబరి నదులు అక్కడి అడవుల మీదుగా పారి గోదావరిలో కలుస్తాయి. కోంటా, భోపాలపట్నం వైపు సంతల్లో తెలుగు మాట వినబడుతుంది. ఓరుగల్లు కాకతీయ వంశంవాడైన అన్నమదేవుడు అక్కడ రాజ్యం స్థాపించాడని సంప్రదాయం చెబుతుంది.

కొన్నేళ్ళ క్రితం నేను అక్కడి విద్యార్థులకు కాంతి గురించి పాఠం చెప్పడానికి వెళ్ళాను. పాఠం అయిపోయి, పట్టకాలూ కటకాలూ సంచిలో సర్దుకుంటున్నాను. ఒక అమ్మాయి దగ్గరకు వచ్చి ముంజేయి చూపించింది. దాని మీద వరుసగా చుక్కలు, గీతలు. చిన్నప్పుడు పొడిపించిన పచ్చబొట్టు.

“మేడమ్, దీన్ని లేజర్‌తో చెరిపేయవచ్చంటున్నారు. నాలాంటి నల్లటి ఒంటికి పనికొస్తుందా?” అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరమే మా అక్క కూతురు ఒక పట్టణంలోని బ్యూటీ పార్లర్‌లో కాళ్ళ మీది రోమాలకు కాంతి చికిత్స చేయించుకుంది. మర్నాటికి పిక్కల మీద బొబ్బలు లేచాయి. అవి మానాక ఇటుకలు పేర్చినట్లు నల్లటి దీర్ఘచతురస్రాకారపు మచ్చలు మిగిలాయి. యంత్రం మూతి ఆకారం అలాగే అచ్చు పడిందన్నమాట. వెళ్ళే ముందు ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. “నొప్పి ఉండదట కదా, వెళ్ళిరా” అన్నాను. ముప్పయ్యేళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్న దానిని, “ఏ తరంగదైర్ఘ్యం వాడతారు?” అన్న ఒక్క ప్రశ్న అడగాలని నాకు తోచలేదు.

ఆ ఒక్క ప్రశ్నలోనే ఈనాటి పాఠమంతా ఉంది.

మెలనిన్ చేసే పని

మన చర్మంలో ప్రధానంగా రెండు పొరలు ఉన్నాయి. పైది బాహ్యచర్మం. చాలాచోట్ల ఇది మిల్లీమీటరులో పదో వంతు మందం మాత్రమే ఉంటుంది. దాని కింద అంతశ్చర్మం. బాహ్యచర్మం అడుగు భాగాన మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేసి, చిన్న చిన్న సంచులలో నింపి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి.

తెల్లవారికీ నల్లవారికీ ఈ కణాల సంఖ్యలో పెద్ద తేడా లేదు. తేడా అంతా అవి తయారుచేసే సంచుల పరిమాణంలో, సంఖ్యలో, అవి సర్దుకునే తీరులో ఉంది. నల్లటి చర్మంలో ఈ సంచులు పెద్దవిగా, విడివిడిగా, ఎక్కువగా ఉంటాయి. అవి సూర్యుని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని లోపలి కణాలను కాపాడతాయి. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు నల్లటి చర్మం ఉన్నవారిలో చాలా తక్కువ. కాబట్టి మెలనిన్ లోపం కాదు, మనకు పుట్టుకతో వచ్చిన గొడుగు.

అయితే ఈ గొడుగుకు ఎండ ఏదో, లేజర్ ఏదో తెలియదు. తన మీద పడిన కాంతిని పీల్చుకుని వేడిగా మార్చడమే దానికి తెలిసిన పని. పచ్చబొట్టు రంగు, రోమమూలం రెండూ అంతశ్చర్మంలో ఉంటాయి. వాటిని చేరాలంటే కాంతి మొదట బాహ్యచర్మంలోని మెలనిన్‌ను దాటాలి. దాటనీయకుండా మెలనిన్ అడ్డుపడితే రెండు నష్టాలు. లోపలి లక్ష్యానికి కాంతి చాలదు, పైచర్మం కాలుతుంది.

ఏ రంగు కాంతి?

మెలనిన్ అన్ని రంగుల కాంతినీ ఒకేలా పీల్చుకోదు. అతినీలలోహిత, నీలి కాంతులను బాగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చ, ఎరుపు, పరారుణం వైపు వెళ్ళేకొద్దీ, అంటే తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ పీల్చుకోవడం తగ్గిపోతుంది.

దీన్ని కొన్ని లేజర్లతో పోల్చి చూద్దాం. 1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజర్ కెంపు స్ఫటికంతో చేసింది. దాని తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు. అలెగ్జాండ్రైట్ లేజర్‌ది 755, రోమాలకు వాడే డయోడ్ లేజర్‌ది సుమారు 800 నుంచి 810, నియోడిమియం యాగ్ లేజర్‌ది 1064 నానోమీటర్లు. ఈ చివరిదాన్ని సగానికి మార్చి 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిగా కూడా వాడతారు. సాధారణంగా వాడే సూత్రం ప్రకారం లెక్కవేస్తే, మెలనిన్ 1064 దగ్గర పీల్చుకునేది 694 దగ్గర పీల్చుకునే దానిలో దాదాపు నాలుగో వంతు. 532తో పోలిస్తే దాదాపు పదో వంతు. అందుకే చామనచాయ, నలుపు చర్మాలకు 1064 నానోమీటర్ల లేజర్‌ను ఎక్కువ సురక్షితమైనదిగా వైద్యులు ఎంచుకుంటారు.

పొడవైన తరంగాలు చర్మంలో లోతుకు వెళతాయనడానికి చిన్న ప్రయోగం. చీకటి గదిలో మామూలు టార్చిలైటు మీద అరచేతిని అదిమి పెట్టండి. వేళ్ళ చివర్లు ఎర్రగా వెలుగుతాయి. తెల్లటి కాంతిలో అన్ని రంగులూ ఉన్నా, నీలం, ఆకుపచ్చ దారిలోనే ఆగిపోయాయి. ఎరుపు మాత్రమే అవతలికి వచ్చింది. లేజర్ పాయింటర్‌తో మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు.

ఎంతసేపు?

రంగు తరువాత రెండో విషయం కాలం. తాలింపులో వేసిన ఆవగింజ క్షణంలో వేడెక్కి చిటపటలాడుతుంది, తీసేస్తే క్షణంలో చల్లారుతుంది. గంజి కుండ కాగడానికీ చల్లారడానికీ కూడా చాలాసేపు పడుతుంది. చర్మంలోనూ అంతే. మెలనిన్ సంచి ఆవగింజ వంటిది. సెకనులో పది లక్షల వంతు, అంతకంటే తక్కువ కాలంలో చల్లారుతుంది. బాహ్యచర్మం చల్లారడానికి సుమారు 10 మిల్లీసెకన్లు కావాలి. లావైన రోమమూలానికి ఇంకా ఎక్కువ, పదుల మిల్లీసెకన్లు.

1983లో అమెరికా శాస్త్రవేత్తలు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ఈ తేడాను ఒక సిద్ధాంతంగా ప్రకటించారు. లక్ష్యం ఎక్కువగా పీల్చుకునే కాంతిని ఎంచుకుని, ఆ లక్ష్యం చల్లారే కాలం కంటే తక్కువ సేపు కొడితే, వేడి పక్కకు పాకకముందే పని పూర్తవుతుంది. నేటి చర్మ లేజర్ చికిత్సకు పునాది ఇదే.

రోమాలు తొలగించేటప్పుడు కాంతిని కొంచెం నిదానంగా, పొడవైన పల్స్‌గా ఇస్తారు. పైచర్మం తన వేడిని వదిలించుకోవడానికి అవకాశం దొరుకుతుంది. దానికి తోడు చల్లటి నీలమణి పలకనో, చల్లటి గాలినో, శీతల ద్రవాన్నో చర్మానికి తగిలిస్తారు. పచ్చబొట్టు రంగు కణాలు అతి చిన్నవి. వాటికి కొన్ని నానోసెకన్ల పల్స్ కావాలి. అయిదు నానోసెకన్లలో కాంతి కూడా మీటరున్నర దూరమే నడవగలదు. అంత స్వల్ప కాలం అది!

మరి తీవ్ర పల్స్ కాంతి, అంటే ఐ.పి.ఎల్. మాటేమిటి? అది లేజర్ కాదు. సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల వరకు అనేక రంగులు కలిసిన మెరుపు దీపం. దాని ముందు ఫిల్టర్ పెట్టి పొట్టి తరంగాలను కొంత ఆపుతారు. సరైన ఫిల్టరు లేకపోయినా, శక్తి ఎక్కువైనా మన చర్మం మీద ప్రమాదం. దాని పల్స్ మిల్లీసెకన్లలో ఉంటుంది కనుక పచ్చబొట్టు మీద అసలే వాడరాదు. వాడితే రంగు కణం పగలదు, చుట్టూ ఉన్న చర్మం కాలుతుంది. ఇంట్లో వాడుకునే రోమ నిర్మూలన పరికరాలలో చాలావరకు ఈ రకానివే. ముదురు చర్మం మీద వాడవద్దని వాటి పెట్టెమీదే చర్మపు రంగుల పట్టీ వేసి చెబుతారు. మనమే చదవం.

మన చర్మం ఏ రకం?

1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్, ఎండకు కాలే తీరును బట్టి, నల్లబడే తీరును బట్టి చర్మాన్ని రకాలుగా విభజించారు. మొదట ఆ పట్టిక తెల్లవారి కోసమే తయారైంది. గోధుమ, నలుపు చర్మాల రకాలను తరువాత చేర్చి మొత్తం ఆరు చేశారు. భారతీయులలో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాలలోకి వస్తారు. ఆరో రకం కూడా ఉంది.

కొలమానమే అలా మొదలైతే, యంత్రాల మాట చెప్పనక్కరలేదు. పాశ్చాత్య దేశాల తెల్ల చర్మం మీద నిర్ణయించిన శక్తి అంకెలను అలాగే ఇక్కడ వాడడం ఎంత ప్రమాదమో అనుభవం మీద తెలిసింది. అందుకే భారతీయ చర్మవైద్యుల సంఘం మన చర్మానికి తగిన లేజర్ మార్గదర్శకాలను 2008 ప్రాంతంలో ప్రచురించింది.

మన చర్మానికి ఇంకో గుణం ఉంది. దెబ్బ తగిలినా, కాలినా, మొటిమ గిల్లినా ఆ చోట నల్లమచ్చ పడుతుంది. అది పోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. మెలనోసైట్లే చనిపోతే తెల్లమచ్చ మిగులుతుంది, అది పోవడం ఇంకా కష్టం. కొందరిలో గాయం మానిన చోట కీలాయిడ్ అనే గట్టి బుడిపె పెరుగుతుంది. లేజర్‌కు మెలనిన్ అడ్డు రాకపోయినా ఈ ప్రమాదం తప్పదు. బారామతిలో పుట్టిన శాస్త్రవేత్త కుమార్ పటేల్ 1964లో అమెరికాలో కనిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. దాన్ని పీల్చుకునేది చర్మంలోని నీరు, మెలనిన్ కాదు. అయినా అది చేసిన గాయం మానేటప్పుడు మన చర్మం నల్లబడవచ్చు.

బస్తర్ పచ్చబొట్టు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. మురియా, మారియా తదితర గోండు తెగల స్త్రీలు చేతుల మీద, కాళ్ళ మీద, ముఖం మీద పచ్చబొట్లు పొడిపించుకోవడం తరతరాల ఆచారం. అక్కడ దాన్ని గోద్నా అంటారు. ఓఝా స్త్రీలు సూదులతో పొడిచేవారు. నూనె దీపపు మసి దానికి రంగు. వెండి కడియం దొంగ ఎత్తుకుపోవచ్చు, అమ్ముకోవలసి రావచ్చు, చివరికి ఒంటితో వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే అని అక్కడి పెద్దలు చెబుతారు.

మసి అంటే కార్బన్. అది అన్ని తరంగదైర్ఘ్యాలనూ పీల్చుకుంటుంది. కనుక మెలనిన్ తక్కువగా పీల్చుకునే 1064 నానోమీటర్ల కాంతిని ఎంచుకోవచ్చు. ఇది అదృష్టం. ఎరుపు, పసుపు రంగుల కొత్త పచ్చబొట్లకు 532 వంటి పొట్టి తరంగాలు కావాలి. నల్లటి చర్మానికి అవి ప్రమాదకరం. కాబట్టి అమ్మమ్మ చేతి మీది మసి చుక్కకంటే, నిన్న జాతరలో వేయించుకున్న రంగురంగుల టాటూ చెరపడమే కష్టం!

నానోసెకను పల్స్ తగిలినప్పుడు మసి కణాలు పగిలి ముక్కలవుతాయి. ఆ ముక్కలను శరీరంలోని భక్షక కణాలు నెమ్మదిగా మోసుకుపోతాయి. దీనికి వారాలు పడుతుంది. అందుకే ఒక్కసారితో పోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో అనేకసార్లు చేయాలి. తొందరపడి వారానికోసారి చేయిస్తే రంగు త్వరగా పోదు, చర్మం పాడవుతుంది.

ఇక్కడే బస్తర్ జీవితం గుర్తుంచుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామునే ఇప్పపువ్వు ఏరడానికి అడవికి వెళతారు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోస్తారు. రోజంతా ఎండే. ఎండకు కమిలిన చర్మంలో మెలనిన్ పెరిగి ఉంటుంది. అప్పుడు లేజర్ తగిలితే కాలే ప్రమాదం ఎక్కువ. చికిత్స తరువాత ఎండ తగిలితే మచ్చ పడే అవకాశం ఎక్కువ. కాబట్టి ముందూ తరువాతా కనీసం నాలుగు వారాలు ఆ భాగానికి ఎండ తగలనివ్వరాదు. అంటే పని లేని కాలం చూసుకోవాలి. పూర్తి చేతుల చొక్కా, మందపాటి నూలు బట్ట మంచి రక్షణ.

దూరం ఇంకో సమస్య. బొబ్బలు చికిత్స గదిలోనే లేవకపోవచ్చు, ఇంటికి చేరాక లేవవచ్చు. రాయ్‌పూర్‌కో విశాఖకో వెళ్ళి చేయించుకుని ఊరికి తిరిగి వచ్చినవారు మళ్ళీ 300 కిలోమీటర్లు ఎప్పుడు వెళతారు? జగదల్‌పూర్‌లో 2006 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. చికిత్స ఎక్కడ చేయించుకున్నా, తేడా వస్తే దగ్గరలో ఏ వైద్యునికి చూపించాలో ముందే అనుకోవాలి.

“పోలీసు, సైన్యం ఉద్యోగాలకు పచ్చబొట్టు అడ్డం కదా” అని ఆ అమ్మాయి అడిగింది. భారత సైన్యం నియమాలలో ఆచారం ప్రకారం పచ్చబొట్టు ఉన్న గిరిజనులకు సడలింపు ఉంది. నియామకం ఏదైనా, ఆ ఏటి ప్రకటన చదవకుండా లేజర్ దగ్గరకు పరుగెత్తవద్దు. అవసరం లేని చికిత్స కంటే ప్రమాదకరమైనది లేదు.

అడగవలసిన ప్రశ్నలు

చికిత్సకు వెళ్ళే ముందు ఈ విషయాలు అడగండి. అడగడం మర్యాద తక్కువ కాదు.

మొదటిది, చేసేది ఎవరు? చర్మ వైద్యులు లేదా వారి పర్యవేక్షణలో శిక్షణ పొందినవారేనా?

రెండవది, యంత్రం ఏది? లేజరా, ఐ.పి.ఎల్. దీపమా? తరంగదైర్ఘ్యం ఎంత? నా వంటి రంగు ఉన్నవారికి ఇంతకు ముందు చేశారా?

మూడవది, మచ్చు పరీక్ష చేస్తారా? అంటే కనబడని చోట చిన్న భాగం మీద తక్కువ శక్తితో కొట్టి, కొన్ని వారాలు చూసి, ఆ తరువాతే మిగతా చోట్ల చేయడం. నల్లమచ్చ ఆలస్యంగా తేలుతుంది కనుక, పది నిమిషాలు చూసి బాగుందనడం పరీక్ష కాదు.

నాలుగవది, కళ్ళకు రక్షణ ఉందా? వైద్య లేజర్లు చాలావరకు అత్యంత ప్రమాదకరమైన నాలుగో తరగతికి చెందినవి. 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు, కానీ నేరుగా రెటీనాను చేరి కాల్చగలదు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్ళద్దాలు పెట్టుకోవాలి. మామూలు చలువ కళ్ళద్దాలు పనికిరావు.

అయిదవది మీరు చెప్పవలసింది. మొటిమల మాత్రలు వాడుతున్నారా, కీలాయిడ్లు వచ్చే శరీరమా, ఇటీవల ఎండలో తిరిగారా అన్నది దాచకుండా చెప్పండి. ముఖం మీద రోమాలు హఠాత్తుగా పెరిగితే అది హార్మోన్ల సమస్య కావచ్చు, ముందు దానికి వైద్యం కావాలి. మన దేశపు స్త్రీలలో కొందరికి లేజర్ తరువాత ముఖం మీద రోమాలు తగ్గకపోగా పెరగడం కూడా వైద్యులు గమనించారు.

చికిత్స జరుగుతుండగా భరించలేని మంట వస్తే ఓర్చుకోవద్దు, ఆపమనండి. కాలితే మామూలు చల్లటి నీటిధార కింద 20 నిమిషాలు ఉంచండి. పేస్టు, సిరా, పసుపు పూయవద్దు. బొబ్బ చిదమవద్దు. వెంటనే వైద్యునికి చూపించండి.

ఇతర కాంతి చికిత్సలు

కాంతి వైద్యం అంటే అందానికే కాదు. బొల్లికి 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో చికిత్స ఉంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, చర్మం స్పందించే తీరు చూసి పెంచుతారు. బావంచాలలోని సొరాలెన్ అనే పదార్థం చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తుంది. ఈ మొక్కను మన పూర్వులు ఎప్పటి నుంచో బొల్లికి వాడారు. అయితే ఎవరో చెప్పారని బావంచాల నూనె పూసుకుని మధ్యాహ్నపు ఎండలో కూర్చుంటే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. కొలిచిన కాంతి మందు, కొలవని కాంతి నిప్పు.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరం కూడా కాంతితోనే పనిచేస్తుంది. నల్లటి చర్మం మీద అది ఒక్కోసారి అసలుకంటే ఎక్కువ అంకె చూపిస్తుందని 2020లో, కరోనా కాలంలో వెలువడిన అమెరికా అధ్యయనం ప్రపంచం దృష్టికి తెచ్చింది. అందరి చర్మం మీద పరీక్షించని పరికరం అందరికీ ఒకేలా పనిచేయదు. రేపు మీలో ఎవరైనా ఇంజనీరో వైద్యులో అయితే ఈ మాట గుర్తుంచుకోండి.

చివరి మాట

మా అక్క కూతురి మచ్చలు మాయడానికి ఏడాదిన్నర పట్టింది. ఒక తెల్లమచ్చ ఇంకా ఉంది. జగదల్‌పూర్ అమ్మాయికి నేను ఆ సంగతి కూడా చెప్పాను. “నీ చర్మానికి తగిన లేజర్ ఉంది. అది దొరికే చోటు, ఎండ లేని కాలం, ఓపిక ఉంటే చేయించుకోవచ్చు. నలుగురూ నవ్వుతున్నారని మాత్రం చేయించుకోవద్దు. ఉంచుకోవడమో తీసేయడమో నీ ఇష్టం” అన్నాను. ఆ అమ్మాయి చేతి మీది చుక్కలను ఒకసారి తడుముకుని, “ముందు మచ్చు పరీక్ష చేస్తారా అని అడుగుతాను” అంది. పాఠం అందినందుకు సంతోషించాను.

ఒక్కటి మరచిపోకండి. నలుపు జబ్బు కాదు. రంగు తెల్లగా మారుస్తామని చెప్పే లేజర్ ప్రకటనలను నమ్మవద్దు. జబ్బు లేని చోట మందుతో పని లేదు.

చేసి చూడండి: ఒకే మందం ఉన్న నల్లగుడ్డ, తెల్లగుడ్డ ముక్కల కింద రెండు ఉష్ణమాపకాలు పెట్టి అరగంట ఎండలో ఉంచండి. అయిదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రతలు రాసి గ్రాఫు గీయండి. నల్లగుడ్డ కింద వేడి ఎందుకు ఎక్కువైందో మీ మాటల్లో రాయండి. ఆ జవాబులోనే నల్లటి చర్మం మీద లేజర్‌ను ఎందుకు ఆచితూచి వాడాలో కూడా ఉంటుంది.